కంప్యూటర్ గదిలో ఎర్ర చీటీ

జూన్ నెల రెండో సోమవారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలు. పరీక్ష పదింటికి. కంప్యూటర్ గదిలోకి వెళ్లిన మాస్టారు వెళ్లినంత వేగంగానే బయటికి వచ్చి, మేడ మెట్ల మీంచే నన్ను కేకేశాడు.

"తాతగారూ, మెయిన్ స్విచ్చికి తాళం ఉందండి. తాళంచెవి మీ దగ్గరుందా?"

నా దగ్గర లేదు. ఉండదు కూడా. గది తలుపు తాళం నాది, స్విచ్చి తాళం పిల్లలది. ఆ ఏర్పాటు చేసిందే ఆయన. అన్నీ తెలిసి నన్నెందుకు అడిగాడా అని అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

మా కేంద్రం ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక ఉంది. కింద కుట్టు మిషన్లు, పైన కంప్యూటర్లు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకీ, పెళ్లయ్యాక ఏదో ఒక పని నేర్చుకుందామని వచ్చేవాళ్లకీ ఫీజు లేకుండా నేర్పుతారు. నేను గేటు దగ్గర మనిషిని. అంతకు ముందు బతుకంతా కడ్డీలు సాగదీసే మిల్లులో గడిచింది. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, అదీ మా కోడలి వల్ల. పిల్లలకి బియ్యంలో అక్షరాభ్యాసం చేస్తారు కదా, నాకు చేటలో ఏరుతున్న బియ్యంలో జరిగింది. రాళ్లు ఏరి పక్కన పెడుతూ, గింజలతో అక్షరం పేర్చి, "ఇదేటో సెప్పండి మావయ్యా" అనేది. చెప్పలేకపోతే అన్నం ఆలస్యం.

ఆ కోడలే ఆ రోజు పరీక్ష రాయాలి. మా అబ్బాయి భుజం జారి, బరువు పని చెయ్యలేక ఇంట్లో కూర్చున్నాడు. దువ్వాడలో ఒక కాలేజీ ఆఫీసులో టైపు చేసే పని ఉంది, నెలాఖరులోగా సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే తీసుకుంటామన్నారు. ఈ పరీక్ష తప్పితే మళ్లీ పరీక్ష మూడు నెలలకి. అప్పటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచరు. మా ఇంట్లో అందరి కళ్లూ ఆ కుర్చీ మీదే.

ఇక మాస్టారి సంగతి. ఆయన గోదావరి జిల్లా మనిషి. ముప్పై దాటి ఉండవు. వచ్చిన మొదటి వారమే గదిలో ఏసీ ఆపించేశాడు. పదకొండింటి దాకా కిటికీలు తెరిచి ఉంచాలి, ఎండ ముదిరాకే ఏసీ. కాగితం రెండు వైపులా వాడాలి. పాడైన కంప్యూటర్‌ని పారెయ్యకూడదు, రెండు పాడైనవి విప్పి ఒక మంచిది చెయ్యాలి. ప్లాస్టిక్ తొడుగులు తీసేసి, ఇళ్లలోంచి పాత నూలు చీరలు తెమ్మని, కుట్టు టీచరమ్మ చేత మిషన్లకి గుడ్డ తొడుగులు కుట్టించాడు. ఆటోనగర్ గాలి సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున వేసిన తెల్ల గుడ్డ సాయంత్రానికి బూడిద రంగు తిరుగుతుంది. మిషన్ తినాల్సిన దుమ్ము ఆ గుడ్డ తినేది. అది మాత్రం బాగుందని ఒప్పుకుంటాను.

తక్కినదేదీ నేను నమ్మలేదు. పుడమికి మేలని ఆయన చెప్తుంటే, ఆ పుడమి భారమంతా ఫీజు కట్టలేని మా పిల్లల గదిలోనే ఎందుకు దిగిందని నా ప్రశ్న. కింద, కేంద్రం నడిపే కార్యదర్శి గారి గదిలో మనిషి లేకపోయినా ఏసీ హోరుమంటూనే ఉండేది. అదే అడిగాను.

"మాస్టారూ, పచ్చదనం మేడ మీదేనేటి? మెట్లు దిగడం దానికి రాదా?"

పిల్లలు గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు. "నా చేతిలో ఉన్నది పై గదేనండి తాతగారూ. కింది గదికి మీరే దించండి" అన్నాడు. ఎదురు తిరిగే మనిషి కంటే నవ్వే మనిషంటేనే నాకు భయం. ఏ మిల్లులోనైనా పని తీసేసే ముందు సూపర్‌వైజర్లు అలాగే నవ్వుతారు.

కంప్యూటర్ ఆపినా, గోడ ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ అది కొంచెం కొంచెం తింటూనే ఉంటుందని ఒకరోజు చెప్పాడు. నిద్రపోయే మిషను కరెంటు తింటుందంటే ఎవరు నమ్ముతారు? పిడికిలంత మీటరొకటి తెచ్చి ప్లగ్గుకి తగిలించి చూపించాడు. అంకెలు కదిలాయి. ఆ మీటరు మీద కూడా నాకు అనుమానమే. అందుకని శనివారం సాయంత్రం చివర వెళ్లినవాళ్లు మేడ మీది మెయిన్ స్విచ్చి కిందికి దించి, తాళం వేసి వెళ్లాలన్నాడు. మళ్లీ సోమవారం వాళ్లే తియ్యాలి. అలా బాధ్యతగా చేసినవాళ్లకి పది మార్కులు. వాటిని పిల్లలు పచ్చ మార్కులనేవారు. టైపింగులో వేగం లేనివాళ్లకి ఆ పది మార్కులే ఆధారం. మా కోడలికి వేగం లేదు.

తాళం మాట వచ్చినప్పుడు ఆయన నన్ను పిలిచి, "మీ మిల్లుల్లో ఎలా చేస్తారండి?" అని అడిగాడు. చెప్పాను. మిషన్ లోపల మనిషి దిగితే, ముందు స్విచ్చి కట్టేసి తన తాళం తను వేసుకుంటాడు. దానికి ఎర్ర చీటీ కడతాడు, చీటీ మీద తన పేరు. ఆ తాళాన్ని వేసినవాడే తియ్యాలి. మేనేజరు వచ్చినా, దేవుడు దిగొచ్చినా ఇంకొకడు ముట్టకూడదు. ఇది విని ఆయన తెగ సంబరపడిపోయాడు. మర్నాటికల్లా అరడజను తాళాలు, ఒక కట్ట ఎర్ర చీటీలు తెచ్చి డబ్బాలో పెట్టాడు.

"ఎర్రవి వద్దు మాస్టారూ," అన్నాను. "ఇక్కడ ఎర్ర చీటీ అంటే లోపల మనిషున్నాడని. కరెంటు మిగల్చడానికి కాదు అది."

"రంగులో ఏముందండి, అందరికీ కనపడాలనే కదా," అన్నాడు.

రంగులో ఏముందో ఆయనకి తెలియదు. మా వీధిలో నడవడం వచ్చిన పిల్లకి కూడా తెలుసు. ఇళ్లలో తండ్రులో, మావలో, అన్నలో ఎవరో ఒకరు ఉక్కు పనికో రేవు పనికో వెళ్లినవాళ్లే. నేను పనిచేసిన మిల్లులో ఒకడు రోలర్ల మధ్య ఇరుక్కున్న కడ్డీ తియ్యడానికి దిగాడు. చీటీ ఉంది, పేరు లేదు. ఎవడో మరిచిపోయి వదిలేసిన తాళమనుకుని ఇంకొకడు పగలగొట్టి స్విచ్చి ఎత్తాడు. తక్కినది రాయను. వాడి చెయ్యి మోచేతి దాకా పోయింది, అది చాలు.

ఆ సోమవారం మేడెక్కి చూస్తే, వరండాలో స్విచ్చి బోర్డుకి తాళం, తాళానికి ఎర్ర చీటీ. చీటీ మీద పేరు లేదు.

శనివారం నేను లేను, కంటి ఆసుపత్రికి వెళ్లాను. చివర ఎవరు వెళ్లారో నాకు తెలియదు. పిల్లలందరూ వరండాలో నిలబడి ఉన్నారు. "తాళం ఎవుడేసాడు?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా కోడలు సంచీలో ఏదో వెతుక్కుంటోంది.

మామూలు రోజైతే శనివారపు తాళమే అనుకునేవాణ్ణి. కానీ శుక్రవారం ఫ్యాన్ల మెకానిక్కు వచ్చాడు. గదిలో ఒక ఫ్యాను తిరగడం లేదు, వైరు లోపల ఎక్కడో కాలిందన్నాడు. సోమవారం పొద్దున్నే వచ్చి చూస్తానని చెప్పి వెళ్లాడు. నేను గేటు తీసింది ఎనిమిదింటికి. మధ్యలో టీకి వెళ్లాను. ఆ వేళలో వాడొచ్చి ఉంటే? వైర్లు మేడ పైకప్పు మీదికి పోయి, అక్కణ్ణుంచి వెనక సందులోకి దిగుతాయి. ఆ సందులో మనిషి పడుకుని పనిచేసినా ఎవరికీ కనపడడు. వాడికి ఫోను చేస్తే స్విచాఫ్.

పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం అప్పటికే కుర్చీలో కూర్చుంది. "నాకు పన్నెండింటికి ఇంకో సెంటరుంది. పదకొండున్నరకి లేస్తాను. ఈలోగా పరీక్ష జరగకపోతే అందరూ ఆబ్సెంటే" అంది. కోపంగా కాదు, టైము చెప్పినట్టే చెప్పింది.

మాస్టారు చెమటలు కక్కుతూ పక్క షెడ్డుకి పరిగెత్తి వెల్డింగ్ ఆయన్ని తీసుకొచ్చాడు. ఆ వెల్డరూ నేనూ ఒకళ్లనొకళ్లం బావా అని పిలుచుకుంటాం. వాళ్లది రేవు దగ్గరి పాత ఊరు, తాతల నాటి నుంచి ఇనుము పనే. భుజం మీద రెండు పిడులున్న పెద్ద కట్టరుతో నవ్వుకుంటూ మెట్లెక్కాడు. బోర్డు దగ్గరికొచ్చి చీటీ చూశాక నవ్వు పోయింది.

"అరె, ఎర్ర సీటీ ఉంది గదా మాస్టారూ. ఎవుడిది?"

"మా పిల్లలదేనండి. కరెంటు పొదుపు కోసం వేసుకున్నది. కోసెయ్యండి."

"మీదైతే తాళంచెవి ఏది?"

"పోయి ఉంటుందండి."

"పోయి ఉంటాదా, పోయిందా?" వెల్డరు కట్టరు నేల మీద ఆనించాడు. "ఏటి బావా, నువ్వేటంతావు?"

"నాను ముట్టను, నిన్ను ముట్టనివ్వను," అన్నాను. వెళ్లి బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను.

అప్పుడు నా బుర్రలో తిరిగినవన్నీ ఇక్కడ రాస్తాను, దాచేదేం లేదు. ఈ మాస్టారుకి కొయ్యడానికి ఎందుకింత తొందర? మేడం ముందు తన పచ్చ గది పరువు పోతుందనా? లేకపోతే కార్యదర్శి గారే రాత్రికి రాత్రి తాళం వేయించారా? ఆ గది కోచింగ్ వాళ్లకి ఇచ్చేస్తారని నెలరోజులుగా గుసగుసలున్నాయి. పిల్లలందరూ ఆబ్సెంటైతే క్లాసు మూసెయ్యడానికి ఆయనకి మంచి కారణం దొరుకుతుంది. కార్యదర్శి గారు కింది నుంచి వచ్చి, "ఏమయ్యా, నీకెందుకొచ్చిన గొడవ, పక్కకి జరుగు" అన్నారు. అంటే తాళం ఆయనది కాదన్నమాట. లేదా అలా అనిపించడానికి అన్నారేమో. అందర్నీ అనుమానించాను. ఫ్యాన్ల మెకానిక్కు ఒక్కణ్ణే అనుమానించలేదు, వాడి చేతుల కోసం మాత్రం భయపడ్డాను.

కోడలు దగ్గరికొచ్చింది. నలుగురిలో ఎప్పుడూ నా ఎదురుగా గొంతెత్తని పిల్ల.

"మావయ్యా, కోసీమనండి. ఏటీ అవదు."

"అవదని నీకెలగ తెలుసు?"

"అవదు మావయ్యా."

"అదే, ఎలగ తెలుసంతన్నాను."

ఆమె తల దించుకుంది. "నా బతుకు మీ ఈపు ఎనకాల ఉంది. మీరు జరగరు," అంది. వరండా అంతా విన్నారు. నేనూ విన్నాను. అయినా జరగలేదు. ఈ మాట చదివి నన్ను రాయి అనుకునేవాళ్లు అనుకోండి. ఆమెకి పోయేది ఒక ఉద్యోగం, ఆ సందులో ఎవడైనా ఉంటే వాడికి పోయేది చెయ్యి.

మాస్టారు ఈసారి నవ్వలేదు. "తాతగారూ, ఇలా మధ్యాహ్నం దాకా నిలబడతారా? ఏదైనా దారి చెప్పండి మరి," అన్నాడు.

దారి ఉంది. మిల్లులో దిక్కులేని తాళం కనపడితే తలల పిలుపు పిలుస్తారు. ఆ రోజు ఆవరణలో కాలు పెట్టిన ప్రతివాడూ వచ్చి ఎదురుగా నిలబడాలి. ఒక్కొక్కణ్ణి పిలవాలి, వాడు పలకాలి, కళ్లతో చూడాలి. ఫలానావాడు ఇందాక కనపడ్డాడులే అంటే కుదరదు. అందరూ పలికాక, తాళం ఎవరిదో తేలాక, అప్పుడు తియ్యాలి.

మేడం వాచీ చూసుకుంది. "కానివ్వండి," అంది.

అందరూ వరండాలో వరసకట్టారు. కింద కుట్టు క్లాసు కూడా ఆగిపోయింది, వాళ్లూ మెట్ల మీద నిలబడ్డారు. ఒక కుర్రాడు పైకప్పూ, వెనక సందూ చూసొచ్చి ఎవరూ లేరన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, గోడవతల చూశావా అంటే చూడలేదన్నాడు. మళ్లీ పంపాను. నేను పిలుస్తుంటే ఒక్కొక్కళ్లే పలుకుతున్నారు. కొందరికి నవ్వు, కొందరికి ఏడుపు. పూర్ణా మార్కెట్ నుంచి వచ్చే అబ్బాయి, "తాతా, మా నాన్నని కూడా పిలుస్తావేటి, ఇందాక బండి మీద దించీసి ఎల్లాడు," అన్నాడు. ఫోను చేయించాను. వాళ్ల నాన్న, "నాను ఉల్లిపాయలు తూత్తన్నాను, ఏటి గొడవ?" అన్నాడు. అంత కంగారులోనూ అందరూ నవ్వారు.

ఫ్యాన్ల మెకానిక్కు ఫోను మాత్రం ఇంకా స్విచాఫే. పదకొండు దాటింది. మేడం కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

నేను వరసలో కోడలి దగ్గరికొచ్చాను. పిలిచాను. ఆమె పలకలేదు.

"పలకమ్మా."

"తాళం నాదే మావయ్యా," అంది.

నేను నమ్మలేదు. నిజం. పరీక్ష కోసం అబద్ధమాడుతోందనుకున్నాను. అందరి మీదా అనుమానపడి, నా ఇంటి మనిషి మీద మాత్రం అప్పటిదాకా పడలేదు. పడ్డప్పుడు కూడా తప్పు వైపే పడింది.

"నీదైతే సీటీ ఏటితో కట్టేవు?"

"దారం తెగిపోనాది. నా జడ రబ్బరుతో కట్టేను."

వెనక్కి తిరిగి చూశాను. నిజమే, నల్ల రబ్బరు. దానికి రెండు వెంట్రుకలు కూడా చుట్టుకుని ఉన్నాయి. అంతసేపు దాని మీదే వీపు ఆనించాను కానీ, చూడలేదు.

శనివారం కంప్యూటర్‌లో గళ్ల టేబుల్ గీయడం రాక అందరూ వెళ్లాక కూర్చుని నేర్చుకుందట. బస్సు తప్పిపోతుందని హడావిడిగా పేరు రాయకుండా తాళం వేసేసింది. గాజువాకలో దిగేటప్పటికి సంచీలో తాళంచెవి లేదు. ఆదివారమంతా నా కంట పడకుండా వెతికింది.

"మరి పొద్దున్నే సెప్పలేదేటి?"

"తాళంచెవి పోగొట్టిన మనిషి పనికి పనికిరాడని మీరే గదా ఇంటికాడ అన్నారు. సెప్తే పచ్చ మార్కులు పోతాయి. ఆ మార్కులు లేకపోతే నాను పాసవను. మాస్టారు కోసీమన్నారు, కోసీసుంటే ఎవులికీ తెలీదు. మీరు అడ్డం నిలబడతారని నాకేటి తెలుసు?"

వెల్డరు కట్టరు ఎత్తాడు. నేను ఆపాను.

"ఇంకేటి బావా!" అన్నాడు విసుగ్గా.

"ఏసినోళ్లే తియ్యాల."

కట్టరు కోడలి చేతికిచ్చాను. బరువుకి ఆమె చేతులు కిందికి జారాయి. వెల్డరు కింది నుంచి పట్టుకుని, "నొక్కమ్మా, పేనం పెట్టి నొక్కు" అన్నాడు. మూడోసారికి తెగింది. తాళం నేల మీద పడ్డ చప్పుడుకి కుట్టు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె కట్టరు నా వైపు చూడకుండా వెల్డరుకే ఇచ్చి, స్విచ్చి ఎత్తి, లోపలికి వెళ్లి కూర్చుంది.

మేడం మంచి మనిషే. తర్వాతి సెంటరుకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పింది, కానీ పూర్తి సమయం ఇవ్వలేకపోయింది. ఉత్తరం అందరూ కొట్టారు. టేబుల్ దగ్గర కొందరు ఆగిపోయారు. మా కోడలు ఆ కొందరిలో ఉంది.

పరీక్షయ్యాక మాస్టారు గేటు దగ్గరికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. "తాతగారూ, తాళంచెవి పోగొడితే పది మార్కులు ఇవ్వకూడదని రూలు. ఇవ్వమంటారా, మానమంటారా? మీరు చెప్పినట్టే చేస్తాను," అన్నాడు. వేళాకోళమా, నిజంగా అడిగాడా, నాకిప్పటికీ తేలలేదు. ఆయన మొహం చాలాసేపు చూశాను. బోర్డు దగ్గర అంతసేపు రూలని నిలబడ్డవాణ్ణి, గేటు దగ్గర ఇంకో మాట ఎలా అంటాను?

"మానండి," అన్నాను.

మానేశాడు. ఆమె తప్పింది. దువ్వాడ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ రాసి పాసైంది. ఇప్పుడు మా వీధి చివర ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే షాపులో చేస్తోంది. జీతం తక్కువ, నిలబడి చెయ్యాలి. ఆ మూడు నెలలూ నాకు అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. నేను చేసింది తప్పని ఈరోజుకీ అనుకోను. ఆమె దాచింది తప్పని కూడా గట్టిగా అనలేను. పది మార్కులకి ఒక మనిషి భయాన్ని కట్టేస్తే, ఆ మనిషి నిజం చెప్తుందని ఎవరనుకున్నారు? ఆ మాట మాస్టారితో అన్నాను. ఆయన పచ్చ మార్కులు తీసేశాడు. చీటీలు కూడా మార్చాడు. కరెంటు పొదుపుకి ఆకుపచ్చవి, మనిషి వైర్ల మీద పనిచేస్తే ఎర్రవి. బాగుంది. అయినా ప్రతి సోమవారం నేను మేడెక్కి చీటీ తిప్పి పేరుందో లేదో చూస్తాను. ఆయన మంచివాడేనని ఊరంతా అంటుంది. అననివ్వండి. కింది గదిలో ఏసీ మాత్రం ఇంకా ఆగలేదు.

ఆ రోజు నా పిలుపు కోడలి దగ్గర ఆగిపోయింది. పిలుపు సగంలో వదిలెయ్యకూడదు, అందుకని అక్కడున్నవాళ్లందర్నీ పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటర్ మాస్టారు. పరీక్ష మేడం, కింద కారులో నిద్రపోయిన ఆమె డ్రైవరు. కార్యదర్శి గారు. కుట్టు టీచరమ్మ, ఆమె వెనక మెట్ల మీద కుట్టు పిల్లలు. వెల్డరు బావ. పరీక్ష పిల్లల్లో కూర్మన్నపాలెం అక్కచెల్లెళ్లు, చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయి, చేపలమ్మే ఆవిడ కూతురు, పూర్ణా మార్కెట్ అబ్బాయి, ఫోనులో వాళ్ల నాన్న, పైకప్పు రెండుసార్లు చూసొచ్చిన లారీ క్లీనరు కుర్రాడు, నెలలు నిండుతున్న కడుపుతో గోడకానుకున్న మా ఎదురింటి అమ్మాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి నిద్ర కళ్లతో వచ్చి, "ఏటి, ఇంతమందున్నారు, ఫ్యాను కోసమేనా?" అని అడిగిన మెకానిక్కు, రెండు చేతులతో. బోర్డు దగ్గర నేను. నా ఎదురుగా మా కోడలు.